కరిగేలోపు కొనాల్సిన నగలు

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో దుకాణాలు తెరిచిన ఏ రోజైనా పాత నగలు కరుగుతూనే ఉంటాయి. అమ్మమ్మ మెడలోని గుండ్లపేరో, ఆమె అత్తగారి నుంచి వచ్చిన కంటెనో కౌంటర్ మీదికి వస్తుంది. రాళ్లు ఊడదీస్తారు. లోపల లక్క ఉంటే తీసేస్తారు. గీటురాయి మీద గీసో, యంత్రంలో పెట్టో మచ్చు చూస్తారు. తూకం వేసి మూసలో పడేస్తారు. కాసేపటికి మిగిలేది చిన్న బంగారపు ముద్ద. ఇందులో ఇంటివాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. పిల్ల పెళ్లికి కొత్త నగ కావాలి, బంగారం ధర చూస్తే పాతది మార్చుకోవడం తప్ప మరో దారి కనిపించదు. తెలుగు ఇళ్లలో బంగారం ఇలా రూపం మార్చుకుంటూనే తరాలు దాటి వచ్చింది.

ఆ బేరంలో ఒక లెక్క మాత్రం నన్ను బాధపెడుతుంది. నగ కొన్నప్పుడు బంగారం ఖరీదు మీద తరుగు, మజూరీ కడతాం. అదే నగ తిరిగి అమ్మితే ఆ రెండూ లెక్కలోకి రావు. కమ్మచ్చులో తీగ లాగిన శ్రమ, టంకంతో అతికిన నేర్పు, రాయి కూర్చిన చేతివాటం, అన్నిటికీ కలిపి దక్కేది సున్నా. పనికి వెల కట్టి కొనే కొనుగోలుదారు ఒక్కరే ఉండగలరు. అది మ్యూజియం. ఆ మ్యూజియం కూడా ఆలస్యంగా వస్తే కొనడానికి ఏమీ మిగలదు. రాతి విగ్రహం వెయ్యేళ్లు మట్టిలో ఉండి తవ్వకంలో పైకి వస్తుంది. కుండ పగిలినా పెంకు దొరుకుతుంది. కరిగిన బంగారు నగకు అలాంటి రెండో అవకాశం లేదు. అందుకే మన కాలపు నగల్ని మన కాలంలోనే, చేసినవాళ్ల పేర్లతో సహా కొని దాచాలి.

చట్టం ఈ తొందరను గుర్తించదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నగ పురావస్తువు కావాలంటే నూరేళ్లు నిండాలి. 1990లో చేసిన వడ్డాణం 2090 దాకా ఆ చట్టం కంటికి ఆనదు. ఈలోగా అది మూడు నాలుగు పెళ్లిళ్లు చూస్తుంది. ఏదో ఒక పెళ్లికి కరుగుతుంది.

మన నగరంలో నగలూ మ్యూజియమూ అనగానే అందరికీ గుర్తొచ్చేవి నిజాం నగలు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1951లో ఒకటి, 1952లో మరొకటి ట్రస్టులు పెట్టి కుటుంబ నగల్ని వాటికి అప్పగించాడు. ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యాల తర్వాత 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగల్ని 218 కోట్ల రూపాయలకు కొన్నది. 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం, బస్రా ముత్యాల ఏడుపేటల హారం సత్లడా, సర్పేచ్‌లు, బాజూబంద్‌లు, విడి పచ్చలు అన్నీ అందులో ఉన్నాయి. 2001లోనూ, మళ్లీ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని చూడటానికి జనం బారులు తీరారు. ప్రదర్శనలు లేని కాలమంతా అవి రిజర్వ్ బ్యాంకు ఖజానాలోనే ఉంటాయి. రాజ్యం తలచుకుంటే నగల్ని కరగకుండా కాపాడగలదని ఆ కొనుగోలు రుజువు చేసింది. దాని విలువ తక్కువది కాదు.

ఆ నగల్లోని జాకబ్ వజ్రం గురించి మనకు చాలా తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారి నుంచి 1891లో బేరమాడటం, పేచీ కలకత్తా హైకోర్టుకు ఎక్కడం, తర్వాత ఆయన కొడుకు ఏడో నిజాం దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకోవడం, అన్నీ రాతలోకి ఎక్కాయి. రాయి చరిత్ర ఇంత వివరంగా ఉంది. ఆ నిజాం సంపుటిలోని చాలా నగల్లో కుందనం పని చేసిందెవరో, వెనకవైపు మీనా రంగులు అద్దిందెవరో చెప్పే కాగితం మాత్రం లేదు.

కుందనం ఎలా చేస్తారో తెలిస్తే ఆ లోటు ఎంతటిదో అర్థమవుతుంది. ముందు బంగారు రేకుతో గూళ్లు గూళ్లుగా చట్రం కడతారు. డొల్లగా ఉన్న లోపలి భాగంలో లక్క నింపుతారు. గూటిలో మెరిసే పలచని రేకు పరిచి, దాని మీద రాయి కూర్చోబెడతారు. వెలుతురు రాయిలోంచి దిగి, ఆ రేకును తాకి వెనక్కి వస్తుంది. రాయికి రంగు లోతు అక్కడే వస్తుంది. తర్వాత మేలిమి బంగారాన్ని సాగగొట్టి, సన్నటి పట్టీలుగా చేసి, రాయి చుట్టూ ఉక్కు పనిముట్టుతో నొక్కుకుంటూ పోతారు. ఇక్కడ నిప్పు లేదు, టంకం లేదు, రాయిని పట్టుకునే కొక్కేలు లేవు. కల్తీ లేని బంగారం ఒత్తిడి ఒక్కదానికే బంగారంతో కలిసిపోతుంది. రాగి కలిస్తే ఆ గుణం పోతుంది. ఎక్కడ ఎంత నొక్కాలో చేతికి తెలియాలి. ఒక పిసరు ఎక్కువైతే పచ్చ చిట్లుతుంది. అలాంటి చేతులు ఎవరివో తెలియకుండా పోయాయి. ఇక తెలుసుకునే మార్గమూ కనబడదు. ఇప్పుడు ఇదే పని చేస్తున్నవాళ్ల విషయంలో అయినా ఆ నష్టం మళ్లీ జరగకూడదు.

సమకాలీనమైనదాన్ని కొనడం మన నగరానికి కొత్త అలవాటేమీ కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ ఆగి చూసే మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. చెక్కిన ఇటలీ శిల్పి బెంజోని అప్పటికి మూడేళ్ల కిందటే చనిపోయాడు. అంటే అప్పట్లో అది పురావస్తువు కాదు, ఆధునిక శిల్పం. ఇవాళ మనం దాన్ని వారసత్వం అంటున్నాం. 1951 డిసెంబర్‌లో ఆ మ్యూజియం తెరిచేనాటికి మూడో సాలార్‌జంగ్ దశాబ్దాలపాటు కొన్న వేల వస్తువులు అందులో చేరాయి. ఆయన కొన్నవాటిలో తన కాలపు సరుకు కూడా బోలెడంత ఉంది. సంపుటి కట్టేవాడికి ఉండాల్సిన ధైర్యం అది. కాలం తేల్చేదాకా ఆగకుండా, తన కన్ను మీద నమ్మకంతో కొనాలి.

బయటి దేశాల్లో సమకాలీన నగల సంపుటులు ఎక్కువగా అలాంటి ఒక్కరి పట్టుదల నుంచే పుట్టాయి. హెలెన్ డ్రట్ 1970లలో ఫిలడెల్ఫియాలో గ్యాలరీ నడుపుతూ, నగలు చేసే కళాకారులతో స్నేహం చేస్తూ, వాళ్ల పనులు కొంటూ పోయింది. 2002లో ఆ సంపుటి హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి చేరింది. ఏడొందలకు పైగా నగలతోపాటు చిత్తుబొమ్మలు, స్కెచ్ పుస్తకాలు కూడా వెళ్లాయి. నగ ఒక్కటే కాకుండా, అది పుట్టిన ఆలోచన కూడా మ్యూజియం చేతికి రావడం ఇక్కడి గొప్పతనం. ఆమ్‌స్టర్‌డామ్ రిక్స్ మ్యూజియంలో డచ్ నగల విభాగం నిండింది కూడా మార్యాన్ ఉంగర్ అనే చరిత్రకారిణి తన సేకరణ ఇచ్చేయడం వల్లనే.

జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ దారి వేరు. అక్కడ 1767లో మొదలైన నగల పరిశ్రమ ఊరినే బంగారపు పట్టణంగా మార్చింది. రెండో ప్రపంచయుద్ధం చివర 1945 ఫిబ్రవరిలో బాంబుల దాడికి ఊరు నేలమట్టమైంది. పదహారేళ్లకే, 1961లో, అక్కడ నగల మ్యూజియానికి కొత్త భవనం లేచింది. ఆనాటి నుంచి ప్రాచీన గ్రీకు నగల సరసనే బతికున్న కళాకారుల నగల్ని పెడుతున్నారు. నగలు చేసే ఊరు తన పని తానే దాచుకోవడం అంటే ఇదీ. పాట్ మార్కెట్‌కు, జనరల్ బజార్‌కు, చార్‌కమాన్‌కు దగ్గరగా అనిపించే ఉదాహరణ నాకు ఇదే.

ఆ మ్యూజియాలు కొనే నగల్ని మొదటిసారి చూసే తెలుగువాళ్లకు కాస్త విస్మయం కలగొచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఒట్టో కుంజ్లి 1980లో ఒక నల్లటి రబ్బరు కడియం చేశాడు. గొట్టంలాంటి ఆ రబ్బరు ఒకచోట ఉబ్బి ఉంటుంది. లోపల బంగారు గుండు ఉంది. అది కనబడాలంటే కడియాన్ని కోసి పాడుచేయాలి. ఆ పనికి ఆయన పెట్టిన పేరు ‘బంగారం గుడ్డివాళ్లను చేస్తుంది’. తొడుక్కున్నవాళ్లకు చేసినవాడి మాటే ఆధారం. డచ్ కళాకారుడు గిస్ బక్కర్ 1973లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. చేతికి బంగారు తీగ బిగించి, తీసేసి, చర్మం మీద మిగిలిన గాడినే నగ అన్నాడు. ఆ గాడి కాసేపటికి మాసిపోతుంది. అక్కడ ఫొటో లేకపోతే ఆ పనే లేదు. నగ అంటే లోహం మాత్రమే కాదు, ఒంటి మీద అది ఎలా ఉంటుందో కూడా నగలో భాగమేనని మ్యూజియాలు ఇలాంటి పనుల నుంచే నేర్చుకున్నాయి.

ఆ పాఠం మనకూ కావాలి. జడబిళ్ల, నాగరం, రాకోడి, చెంపస్వరాలు గాజు పెట్టెలో విడివిడిగా పడి ఉంటే, అవి తలమీదా జడలోనూ ఏ వరసన ఎక్కుతాయో నేటి పిల్లలకు తెలియదు. లంబాడీ మహిళ చెంపల పక్కన ఊగే ఘుగ్రీల సంగతీ అంతే. వాటి బరువు మొత్తం జుట్టు మీద ఎలా నిలుస్తుందో వేసుకున్న మనిషిని చూస్తేనే తెలుస్తుంది. నగ కొన్నరోజే, అది వేసుకునే మనిషి ఒంటి మీద ఉండగా, ఆమె ఒప్పుకుంటే, ముందు నుంచీ వెనక నుంచీ ఫొటోలు తీయాలి. ఎవరు పెట్టారు, ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు తీసేశారు అన్నది ఆమె మాటల్లోనే రికార్డు చేయాలి. మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియానికి వెళ్లేవాళ్లకు గిరిజన జీవితంలోని నగలు కొంతవరకు పరిచయమవుతాయి. దానికి కొనసాగింపుగా ఇప్పటి తండాల్లోని నగల్ని కూడా కొనాలన్నది నా కోరిక. మోచేతి పైదాకా వేసుకునే తెల్లగాజులు ఒకప్పుడు దంతంతోనో ఎముకతోనో చేసేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. ప్లాస్టిక్ అని పక్కన పెడితే ఈ యాభై ఏళ్ల చరిత్ర పక్కన పెట్టినట్టే. నాణేల హారాలైతే తమ వయసు తామే కొంత చెబుతాయి. వాటిలో అన్నిటికన్నా కొత్త నాణెం మీద ఏ సంవత్సరం ఉందో, ఆ కూర్పు అంతకంటే పాతది అయ్యే వీల్లేదు.

ఇక మన దగ్గర కొనాల్సినవి ఏమిటంటే, నేను ముందుగా కరీంనగర్ వెండితీగ పనినే చెబుతాను. ఎలగందల నుంచి కరీంనగర్ చేరిన ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పళ్లేలు, పాన్‌దాన్లు, అత్తరుదాన్లు దాని పేరు నిలబెట్టాయి. చెవికమ్మలు, లాకెట్లు కూడా చేస్తారు. వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. కడ్డీని సాగదీసి, కమ్మచ్చులో పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి, అక్కణ్నుంచి ఇంకా చిన్నదానికి లాగుతూ పోతే తీగ వెంట్రుకంత సన్నబడుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచకపోతే తెగుతుంది. అలాంటి రెండు తీగల్ని పురిపెట్టి, అణచి చదును చేస్తారు. అప్పుడు అంచు పొడవునా సన్నటి గింజల వరసలాంటి మెరుపు వస్తుంది. కాస్త లావు తీగతో ఆకుకో పువ్వుకో చట్రం కట్టి, లోపల ఈ సన్నతీగను శ్రావణంతో చుట్టలు చుడుతూ ఖాళీ లేకుండా ఇముడుస్తారు. ఆపైన వెలిగారం, టంకం పొడి చల్లి, మంట ఊదుతారు. టంకం కరిగి తీగ కరగకుండా మంట ఆపాలి. ఆ రెంటి మధ్య ఉండే వ్యవధి చాలా చిన్నది. పూర్తయిన కమ్మ ఒక్కటే మ్యూజియంలో పెడితే ఈ కథలో సగం కూడా కనబడదు. కడ్డీ, లాగిన తీగ, పురిపెట్టిన తీగ, చట్రం, సగం నిండిన చట్రం, చివరికి కమ్మ, ఇవన్నీ ఒకే చేతి నుంచి ఒకే సెట్టుగా కొనాలి.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఓజాలు చేసే డోక్రా పని పక్కన పాట్ మార్కెట్ కాస్టింగ్ పనిని పెట్టి చూపించాలని నాకు చాలాకాలంగా ఉంది. ఓజా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి బొమ్మకో కడియానికో రూపు తెస్తారు. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన గరుకు మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన చోట కరిగిన ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొడితే వస్తువు బయటికి వస్తుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి మళ్లీ అదే వస్తువు రాదు. నగరంలో కంప్యూటర్ మీద డిజైన్ గీసి, రబ్బరు అచ్చులో మైనపు నకళ్లు తీసి, వాటిని ఒక కాండానికి కొమ్మల్లా అతికించి, చుట్టూ ప్లాస్టర్ పోసి, కాల్చి, మైనం పోయిన ఖాళీలోకి బంగారం పంపుతారు. సూత్రం రెండుచోట్లా ఒక్కటే. అక్కడ ఒక్కటి పుడుతుంది, ఇక్కడ ఒకే రకంవి వందలు పుడతాయి. యంత్రం వచ్చాక చేతిపని అయిపోయిందని బాధపడేవాళ్లకూ, యంత్రమే గొప్పదనేవాళ్లకూ ఈ రెంటినీ పక్కపక్కన చూడటం మేలు చేస్తుంది. ఆ కంప్యూటర్ ఫైలు కూడా నగతోపాటు మ్యూజియం తీసుకోవాలి. గీసిన కుర్రాడి పేరు కూడా.

లాడ్ బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, సాగదీసి, రంగు పట్టించి, వంచి గుండ్రంగా అతికి, ఇంకా వేడిగా ఉండగానే చిన్నచిన్న అద్దాలు, రాళ్లు గుచ్చుతారు. వీటిని నిలవ ఉంచడం అంత తేలిక కాదు. వేడికి మెత్తబడతాయి, వయసు మీదపడితే పెళుసెక్కి బీటలిస్తాయి. రబ్బరు, ప్లాస్టిక్ నగలదీ అదే బాధ. వెండి గాలికి నల్లబడుతుంది. బంగారం భద్రమే అయినా దొంగ భయం. కాబట్టి సమకాలీన నగల సంపుటికి బీరువా తాళం ఒక్కటే చాలదు. చల్లగా, పొడిగా ఉండే గది, ఆమ్లం లేని కాగితం, ఒక్కో వస్తువుకు ఒక్కో గూడు కావాలి.

మచిలీపట్నం చిలకలపూడి కవరింగ్ నగల్ని మన మేధావులు చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. రాగి, ఇత్తడి మీద పలచగా బంగారం పట్టించే ఆ పని, బంగారం కొనలేని లక్షల ఇళ్లలో ఆడపిల్లల ఒంటికి కళ తెచ్చింది. నాట్య కళాకారిణుల మెళ్లో, పెళ్లి పందిళ్లలో ఈ నగలు ఉన్నాయి. కవరింగ్ నగ కరిగించడానికి పనికిరాదు గనుక దాన్ని పారేస్తారు. పారేసేదాన్ని కాపాడటం కూడా మ్యూజియం పనే.

మ్యూజియంలో సంపుటికి వెన్నెముక రిజిస్టర్. వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు పడుతుంది. ఏ సంవత్సరం, ఆ ఏడాది వరసలో ఎన్నోది, జతలో ఏ ముక్క, అన్నీ ఆ నంబరులోనే ఉంటాయి. నగ మీద రంగుతో రాయలేం గనుక దారంతో చీటీ కడతారు. బరువు, కొలతలు, ఎక్స్‌రే యంత్రంతో గీత పడకుండా తేల్చిన లోహాల పాళ్లు, కొన్న బిల్లు, పాత ఫొటోలు వెంట చేరతాయి. ఇప్పుడు బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి. 2023 ఏప్రిల్ నుంచి అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. ఆ సంఖ్యను ఫోన్‌లో కొడితే అమ్మే నగల వ్యాపారి, పరీక్షించిన కేంద్రం, బంగారం స్వచ్ఛత తెలుస్తాయి. చేసినవాళ్ల పేరు అందులో ఉండదు. ఆ గడి నింపాల్సింది మ్యూజియమే. బంగాల్ నుంచి వచ్చి ఇక్కడ కుంపటి ముందు కూర్చున్న పనివాళ్లు, తరాలుగా ఇదే పనిలో ఉన్న మన కంసాలులు, లక్కగాజులకు రాళ్లు పొదిగే ఆడవాళ్లు, అందరి పేర్లూ ఎక్కాలి. ఒక నగ మీద నలుగురు పనిచేస్తే నలుగురివీ రాయాలి.

డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు జైపూర్‌లో ఒక జవాబు ఉంది. అమ్రపాలి మ్యూజియాన్ని కట్టింది నగల వ్యాపారులే. పాత వెండి నగలు కొని అమ్ముకునే రోజుల్లోనే మంచివాటిని అమ్మకుండా పక్కన పెట్టుకుంటూ వచ్చారు. సికింద్రాబాద్ వ్యాపారులకు ఆ స్థోమత లేదని నేననుకోను. కరగడానికి వచ్చిన నగల్లో నెలకు ఒక్కటి పక్కన పెట్టినా చాలు. కొనుగోలు సంఘంలో పండితులతోపాటు ఒక పెద్ద కంసాలి ఉండాలి. టంకం మరక చూసి ఇది చేతిపనా కాదా చెప్పగలిగేది ఆయనే.

ఆ సంఘం ప్రత్యేకంగా వెతకాల్సిన నగ ఒకటుంది. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయకూడదన్నారు. దేశమంతటా కంసాలుల బతుకులు చితికిపోయాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పరిమితి తర్వాత సడలినా, 1968లో చట్టమై నిలిచిన నియంత్రణ 1990లో గాని పోలేదు. రాగి పాలు ఎక్కువై ఎర్రబారిన 14 క్యారట్ల నగ ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే, తూకానికి దానికి పెద్ద ధర రాదు. ఆ కాలం గురించి అంత సూటిగా చెప్పే వస్తువు మరోటి దొరకడం కష్టం. దాన్ని మ్యూజియం కొనాలి, ఆ ఏళ్లలో కుంపటి ఆర్పిన కుటుంబం ఏం చేసి బతికిందో రాసుకోవాలి.

పని చేసే చోటు సంగతి కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో స్మిత్ అండ్ పెప్పర్ అనే నగల కార్ఖానా 1981లో మూతపడింది. పనిముట్లు, కాగితాలు, టీ కప్పులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 1992లో దాన్ని ఉన్నదున్నట్టుగా మ్యూజియం చేశారు. మన దగ్గర కంసాలి దుకాణం మూసేస్తే దాగలి పాత ఇనుముకు పోతుంది, కమ్మచ్చు ఎవరో పట్టుకుపోతారు, అరిగిన గీటురాయి చెత్తలో పడుతుంది. అలాంటి దుకాణం ఒకదాన్ని మొత్తంగా కొనడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. కుంపటి, ఊదుగొట్టం, పటకార్లు, త్రాసు, గురివింద గింజలు, పని బల్ల, గోడ మీది దేవుడి పటం, బాకీల పుస్తకం, ఊడ్చిన మట్టి కడిగి బంగారు రజను తీసే తట్ట, అన్నీ ఒకే నంబరు కింద రిజిస్టర్‌లో ఎక్కాలి. ఇప్పుడు ఆ దుకాణాల్లో కూర్చున్న పెద్దవాళ్లు డెబ్బైల్లో ఉన్నారు. ఏ పనిముట్టు దేనికో చెప్పగలిగేది వాళ్లే గనుక వాళ్లు ఉండగానే ఈ కొనుగోలు జరగాలి.